జల్‌పల్లిలో కొత్త కోడలు

మా అత్తమ్మ శారదమ్మకు గడియారం చూడటం వచ్చు గానీ, దానితో పెద్దగా పని పడేది కాదు. హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో, మా పాత ఇంటి ఎదుటి మసీదులో పొద్దుగూకే వేళ అజాన్ వినబడగానే కొంగు నడుముకు దోపుకుని లేచేది. అప్పటికే మూడు బర్రెల పాలు కాచి, మట్టి చట్లలో పోసి, నడిమి గదిలో షాబాదు బండల మీద వరసగా పెట్టి ఉంచేది. ఒక్కో చట్టిలో ఇంత తోడు వేసి, మూత పెట్టి, "ఇగ పొద్దుగాల దాకా ఎవ్వలు ముట్టొద్దు" అనేది. పొద్దున గరిటెతో కోస్తే పెరుగు ముక్కలుగా లేచేది.

ఆ వీధి చివర దహీ వడ బండి పెట్టే మున్నా భాయ్ ఇరవై ఏళ్లుగా మా పెరుగే వాడేవాడు. రంజాన్ నెలలో అతని బండి చుట్టూ నిలబడటానికి చోటు దొరికేది కాదు. ఆ నెల కోసమే మా అత్తమ్మ ఏడాదంతా ఎదురుచూసేది.

అన్నదమ్ముల వాటాలు తేలి ఆ ఇల్లు చేతులు మారాక, నగరం అంచున జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొనుక్కుని రేకుల ఇల్లు వేసుకున్నాం. బర్రెలకు చోటు బాగానే కుదిరింది. పెరుగే కుదరలేదు. అత్తమ్మ అంతా ఎప్పటిలాగే చేసేది. ఇక్కడ కూడా దూరంగా అజాన్ వినబడేది, ఆమె లేచి తోడు వేసేది. పొద్దున మూత తీస్తే పైన నీళ్లు, కింద పిండిలాంటి పులుపు.

దిష్టి అన్నది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించింది. ఇక్కడి బోరు నీళ్లు తాగి బర్రెల పాలు మారాయన్నది. పాత చట్లు పక్కన పెట్టి కొత్తవి తెప్పించింది. శాలిబండ నుంచి తోడు కూడా తెప్పించింది. ఏం చేసినా అంతే.

మా మామ ఓదెలు ఒకరోజు మెల్లగా అన్నాడు. "బర్రెల్ని అమ్మేద్దాం తియ్ శారదా. ఇగ చాలు."

"నా చెయ్యి పోయిందంటవా?"

ఆ సాయంత్రమంతా ఆమె తన అరచేయి వంక చూసుకుంటూ కూర్చుంది. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసింది.

ఆ మరునాడే మున్నా భాయ్ షేర్ ఆటోలో, మేం పంపిన చట్టిని ఒళ్లో పెట్టుకుని వచ్చాడు.

"అమ్మా, ఇది దహీ కాదు, ఛాస్, ఒట్టి మజ్జిగ. దీంట్ల వడ ఏస్తే ఈత కొడుతున్నది."

"ఎక్కిరిస్తున్నవా?"

"తోబా! నా పేరంత మీ పెరుగుతోనేనమ్మా. తొమ్మిది దినాలైతే చాంద్ కనబడ్తది, రంజాన్ షురూ అయితది. గప్పటిదాక చూస్త. కాకపోతే ఇంకోకాడ మాట్లాడుకోవాలె. బురా మత్ మానో, ఏమనుకోవద్దు."

అతను వెళ్లాక అత్తమ్మ చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. అగ్గిపెట్టె కోసం అలవాటుగా ఎడమకు చెయ్యి చాపింది. శాలిబండలో అక్కడ గూడు ఉండేది. ఇక్కడ గోడ ఉంది. వేళ్లు టక్కున తగిలాయి. నాకు నవ్వాగలేదు.

"ఏంది గీతా, నవ్వుతున్నవ్?"

"నేను మీ ఇంటికొచ్చిన కొత్తల గిట్లనే చేసిన అత్తమ్మా. మా దబీర్‌పురా ఇంట్ల ఉన్నట్టే ఉప్పుడబ్బకు చెయ్యి చాపిన. మీరు మస్తు తిట్టిన్రు."

"ఏమన్న?"

"'ఇది మీ అమ్మగారిల్లు కాదు పిల్లా, ఈ ఇల్లు ఎట్లున్నదో ముందు చూసుకో' అన్నరు."

"నేనే అన్ననా?"

"మీరే."

చాయ్ పొంగి పొయ్యి మీద పడింది. ఆమె చూడలేదు. పైకి, రేకుల వైపు చూస్తోంది.

"నలబై ఏండ్ల చెయ్యి అని మురుస్తున్న. అది శాలిబండల మాట. ఈడ నేను కొత్త కోడల్ని గదనే!"

"మరి అత్త ఎవరు?"

"గీ రేకులే. మస్తు గరం మనిషి!"

ఆ సాయంత్రం అజాన్ వినబడింది. ఆమె లేవలేదు. చట్టి దగ్గర కూర్చుని, పాలలో చిటికెన వేలు ముంచి, "అమ్మో!" అని లాగేసుకుంది. పాత ఇంట్లో చల్లటి బండల మీద పాలు సరిగ్గా అజాన్ వేళకే గోరువెచ్చగా అయ్యేవి. అందుకే వేలు ముంచి చూడటం ఎన్నడో మానేసింది. ఇక్కడ పగలంతా కాగిన రేకుల కింద పాల వేడి దిగనే లేదు. ఇన్నాళ్లూ వేడి పాలలో తోడు వేస్తూ, పాలను, నీళ్లను, దిష్టిని తిట్టింది.

అంతటితో అయిపోలేదు. నాలుగు చట్లు నాలుగు చోట్ల పెట్టి, నాలుగు వేళల్లో తోడు వేసింది. నన్ను గడియారం చూసి గోడ మీద సుద్దముక్కతో రాయమంది. మొదటిరోజు నాలుగూ పోయాయి. నేను పారబోయడానికి లేచాను. ఆమె మాత్రం ఒక్కో చట్టి వాసన చూసి, "ఇది తొందరపడ్డది. ఇది ఆలస్యమైంది. రాయి" అంది. పాడైన పెరుగును చిలికి, మజ్జిగ చేసి, పక్కవాళ్లకు పంపింది. ఆ కొత్త కాలనీలో మాకు మనుషులు పరిచయమైంది ఆ మజ్జిగతోనే. మూడోరోజు చట్లను ఇంట్లోంచి వసారాలోకి మార్చి, తడి ఇసుక మీద పెట్టింది. ఏడోరోజుకు గరిటె నిలబడింది.

చాంద్ కనబడాల్సిన రోజు పగలే మున్నా భాయ్ వచ్చాడు. చట్టి ఎత్తి, కింద అరచేయి పట్టి బోర్లించాడు. పెరుగు కదల్లేదు. రెండు నీటిచుక్కలు మాత్రం అతని చేతిలో పడ్డాయి.

"రెండు చుక్కలు పడ్డయమ్మా."

"గవి మా అత్త కండ్లనీళ్లు. కోడలు గెలిచిందని."

అతనికి అర్థం కాలేదు గానీ, ఆమె నవ్వుతుంటే తానూ నవ్వాడు. "రేపటి నుంచి పంపుండ్రి" అన్నాడు. మా మామ లేచి, బర్రెలకు గడ్డి వేయడానికి పోయాడు.

ఆ తర్వాత మూడు రంజాన్లకు ఆమె చేతి పెరుగే వెళ్లింది. పోయిన వానాకాలంలో, నాలుగు రోజుల జ్వరంతో, ఆమె మమ్మల్ని విడిచి వెళ్లిపోయింది.

ఈ చలికాలం రేకులు తీసి స్లాబు వేయించాం. గోడ మీది సుద్దరాతలకు మాత్రం సున్నం వేయనివ్వలేదు. స్లాబు కింద మొదటిరోజు, ఆమె నాతో రాయించిన వేళకే, ఆమె చెప్పినట్టే తోడు వేశాను. పొద్దున మూత తీస్తే పాలు పాలుగానే ఉన్నాయి.

ఆ చట్టి పక్కనే కూలబడ్డాను. ఆమె ఉంటే ఏమనేదో తెలుసు: "ఇది ఆలస్యమైంది. రాయి." కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంకో మూడు చట్లు కడిగి బోర్లించి, సుద్దముక్క కోసం వెతికాను.