బయ్యమ్మ పెరట్లో కలుపుమందు

పెద్దపంజాణి చుట్టుపక్కల టమాటా తోటల్లో ముప్పై ఏళ్లు కూలి చేసిన బయ్యమ్మకు తనదంటూ జానెడు నేల లేదు. కొడుకు కిరణ్‌కు ఉద్యోగం వచ్చి పుంగనూరు లేఅవుట్లో ఇల్లు కట్టాక, వెనక గోడ పక్కన నాలుగడుగుల మట్టి మిగిలింది. ఆ మట్టే ఆమెకు లోకమైపోయింది.

ఎండాకాలంలో అక్కడ కొళాయి మూడు రోజులకొకసారి వస్తుంది. బియ్యం కడిగిన నీళ్లూ కూరగాయలు కడిగిన నీళ్లూ బిందెలో దాచి మొక్కలకు పోసేది. పాత చీరను నీడగా కట్టి, మొదళ్లలో చెనక్కాయ పొట్టు పరిచి, నడి ఎండల్లోనూ కొత్తిమీర, పుదీనా, గోగాకు, బీరపాదు బతికించింది. పక్కింటి అర్చన ఆరు నెలల గర్భిణి. "నీకు కావాల్సినప్పుడు కోసుకోమ్మా, నన్ను అడగబళ్లేదు" అని బయ్యమ్మ ఆమెకు చెప్పి ఉంచింది.

లేఅవుట్ సంఘం అధ్యక్షుడు ముద్దుకృష్ణకు మాత్రం ఆ పచ్చదనం గిట్టేది కాదు. "పాములు చేరతాయి, పీకెయ్" అని రెండుసార్లు చెప్పాడు.

"నా గోడ లోపల ఉండేదానికి నీకేం నొప్పప్పా?" అని ఆమె పట్టించుకోలేదు.

మే నెలలో చెల్లెలి మనవరాలికి పేరు పెడుతుంటే ఇంటిల్లిపాదీ కుప్పం వెళ్లారు. మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చి పెరటి తలుపు తీసిన బయ్యమ్మ గడప మీదే ఆగిపోయింది. కొత్తిమీర మాడిపోయి ఉంది. గోగాకు మీద కాలినట్టు మచ్చలు. బీరపాదు తీగ తలవాల్చేసింది. మట్టిలోంచి ఘాటు వాసన వస్తోంది. తోటల్లో ఎన్నేళ్లు పీల్చిన వాసనో అది! కలుపుమందు.

ఏడుపు రావాల్సింది. రాలేదు. అర్చన గుర్తొచ్చి పక్కింటికి పరుగెత్తింది.

"అర్చనా, ఆకేమన్నా కోసినావామ్మా?"

"నిన్న సాయంత్రం కొత్తిమీర కోసినా పెద్దమ్మా. అప్పుడు బాగానే ఉండె. ఫ్రిజ్జులో ఉండాది, ఇప్పుడు చారులోకి వేద్దామని..."

బయ్యమ్మ వంటింట్లోకి దూరి ఆ కట్టను లాగేసుకుంది.

వీధి పనులు చూసే మణికంఠను అడిగితే దాచలేదు. "సందులో గడ్డికి కొట్టమన్నారమ్మా. గోడ మీంచి లోపలికి గూడా కొట్టమని అధ్యక్షుడే చెప్పినాడు. నిన్న మధ్యాహ్నం కొట్టినా."

మాడిన మొక్కలను వేళ్లతో సహా పీకి గంపలో వేసుకుని, ఆమె తిన్నగా ముద్దుకృష్ణ ఇంటికి వెళ్లింది. కోడలు రూప వెంట నడిచింది.

"ఆకులే కదా బయ్యమ్మా, సంతలో దొరకవా? ఇది లేఅవుటు, మీ పల్లె కాదు" అన్నాడతను కుర్చీలోంచి లేవకుండానే.

"ముప్పై ఏండ్లు ఊరోళ్ల తోటల్లో మందు కొట్టినా సామీ. కొట్టినాక ఆ తోటలోకి ఎవురూ రావద్దని గట్టు మీద నిలబడి అరిచేదాన్ని. కూలిదానికి తెలిసిన ఆ మాత్రం నీకు తెలియకపాయనే! కడుపుతో ఉండే బిడ్డ తినబోయింది నీ మందు. పాములకు భయపడినోడివి, మనుషులకు భయపడవా?"

కేకలకు వీధిలో ఆడవాళ్లంతా గుమిగూడారు. రూప మందు డబ్బా తెప్పించి, దాని మీద ఉన్న హెచ్చరికలను గట్టిగా చదివింది. అతను కమిటీలో మాట్లాడదామన్నాడు. అర్చన, "ఇప్పుడే రాయండి సార్" అంది. ఎవరి గోడ లోపలా వాళ్లను అడగకుండా మందు కొట్టకూడదని అక్కడే సంఘం పుస్తకంలో రాయించి, అందరూ సంతకాలు పెట్టారు. బయ్యమ్మ వేలిముద్ర వేసింది.

కానీ తప్పయిందన్న మాట అతని నోట రాలేదు.

కిరణ్ ఆ మట్టిని తవ్వి తీసేశాడు. బయ్యమ్మ సిమెంటు సంచుల్లో కొత్త మట్టి నింపి మిద్దె మీద విత్తనాలు చల్లింది. జూన్‌లో మొలకలొచ్చాయి. ఒక పొద్దున ముద్దుకృష్ణ భార్య చంద్రిక పుదీనా కోసం వచ్చింది.

"ఇస్తానమ్మా, నీమీద నాకేం కోపం?" అంది బయ్యమ్మ గుప్పెడు తుంచి ఇస్తూ. "మీ ఇంటాయనకు కావాలంటే మాత్రం ఆయన్నే మిద్దెక్కి వచ్చి నన్ను అడగమను."

అతను ఇంతవరకూ రాలేదు.