మేకల దొడ్డి తాళం

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇన్నాళ్లూ అది చిన్నదే అనుకున్నాను. ఈరోజు పంజాగుట్టలో ఒక డాక్టర్ గదిలో కూర్చున్నాక అది ఎంత పని చేసిందో తెలిసింది. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను అమీర్‌పేటలో సీసీ కెమెరాలు అమ్మి, బిగించే దుకాణంలో పనిచేస్తాను. శంకర్‌పల్లి దగ్గర మా మేనత్తకు కొంచెం పొలం, ఒక మేకల దొడ్డి ఉండేవి. పొలం మామ చూసుకునేవాడు. మేకలు మాత్రం అత్తమ్మవి. పుట్టిన ప్రతి పిల్లకూ ఆమే పేరు పెట్టేది. ఆ చుట్టుపక్కల మేకల దొంగతనాలు మొదలయ్యాయి. కారులో వెనక సీటు పీకేసి, పట్టపగలే మేకల్ని కుక్కుకుని పోతున్నారట. కుక్కను తెచ్చి పెంచుదామని, పగలు ఒక ముసలాయనను కాపలా పెడదామని మామ అన్నాడు. నేనే వద్దన్నాను. కెమెరా పెడతానని, గేటు దగ్గరికి ఎవరొచ్చినా అమీర్‌పేటలో నా ఫోన్ మోగుతుందని, ఇక ఫికర్ చేయొద్దని గొప్పగా చెప్పాను. ఇద్దరూ నా మాట నమ్మారు.

ఫోన్ మోగింది. పిల్లి దూకినా మోగింది, కొమ్మ ఊగినా మోగింది. కస్టమర్ల ముందు విసుగొచ్చి ఒకరోజు ఆ మోత ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ ఎందుకు పెట్టలేదు? బద్ధకమా? మన మేకల జోలికి ఎవడొస్తాడులే అన్న ధీమానా? రెండూ కావచ్చు.

ఒక సాయంత్రం మామ ఫోన్ చేశాడు. దొడ్డి ఖాళీ అయిందన్నాడు. కెమెరాలో చూడమన్నాడు. చూడకముందే నోరు జారింది. అక్కడ నెట్ లేదు మామా, ఏమీ రికార్డు కాలేదు అనేశాను.

తర్వాత దుకాణం వెనక మెట్ల మీద కూర్చుని చూశాను. అంతా ఉంది. అత్తమ్మ చుట్టాలింటికి బయలుదేరుతూ గేటుకు గొలుసు చుట్టి, తాళం వేసి, లాగి మరీ చూసుకుంది. ఆమె వెళ్లాక కారు వచ్చింది. ఇద్దరు దిగి తాళం కోశారు. తెగిన తాళాన్ని జేబులో వేసుకుని, మేకల్ని ఒక్కొక్కటే ఎత్తి కారులో పడేశారు. వాళ్లకు ఏ తొందరా లేదు. ఆ కెమెరాలోంచి మాట్లాడే వీలు కూడా ఉంది. ఇక్కడినుంచి ఒక్క అరుపు అరిస్తే పారిపోయేవాళ్లు. నేను ఆ సమయంలో చాయ్ తాగుతున్నాను.

ఆ వీడియో చూపిస్తే ఫోన్ ఎందుకు మోగలేదని అడుగుతారు. నా అబద్ధం బయటపడుతుంది. తుడిచేశాను.

గొలుసు తెగలేదు. అత్తమ్మ తాళం తగిలించి నొక్కకుండా వెళ్లిపోయిందని, దొంగలు దాన్నీ పట్టుకుపోయారని మామ తేల్చేశాడు. వేశానని అత్తమ్మ ఏడ్చింది. చాలా రోజులు అదే మాట మీద నిలబడింది. తర్వాత తడబడింది. చివరికి, మరిచిపోయానేమో అంది. నేను పక్కనే ఉన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆమె మళ్లీ మేకలను తేలేదు. ఆమె గడప దాటినప్పుడల్లా మామ ఆ తాళం మాటే ఎత్తి దెప్పేవాడు. పోయిన ఏడాది ఆయన కన్నుమూశాడు.

మతిమరుపు వచ్చిందేమో, డాక్టర్‌కు చూపించమని అత్తమ్మే అడిగితే ఈరోజు పంజాగుట్ట తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఏవేవో అడిగింది, ఈమె అన్నింటికీ టకటకా జవాబులు చెప్పింది. జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు, ఇంటికి వెళ్లమ్మా అంది డాక్టరమ్మ. అత్తమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"మరి ఆ దినం తాళమెయ్యుడు ఎట్ల మర్చిపోయిన మేడం? గప్పటి సంది నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. పొయ్యి బందు చేసి సుత మళ్ల మళ్ల పోయి చూస్త."

నివ్వెరపోయాను. ఇన్నేళ్లూ పోయినవి మేకలే అనుకున్నాను. ఒక మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని నేను లాగేసుకున్నానని, ఆ అనుమానంతోనే ఆమె రోజూ లేస్తోందని, పడుకుంటోందని నాకు ఎలా తట్టలేదు? నేను ఏం మనిషిని?

బయటికి వచ్చాక, మెట్రో మెట్ల దగ్గర చెప్పేశాను.

"అత్తమ్మా, ఆ రోజు నువ్వు తాళం ఏసినవు. నేను కెమెరాల చూసిన. ఆ వీడియో నేనే తీసేసిన."

ఆమె రెయిలింగ్ పట్టుకుంది. చెంప మీద కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నిజంగ ఏసిన్నా?"

"ఏసినవు. లాగి సుత చూసినవు."

ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. అంతలోనే నా వైపు చూసి అంది.

"మీ మామ పోయిండు గదరా. ఆయనకెవరు చెప్తరు ఇప్పుడు?"

నన్ను రానివ్వలేదు. తనే ఆటో ఆపి ఎక్కి వెళ్లిపోయింది. క్షమించమని అడగలేదు నేను, అడిగే ముఖం లేదు. అయినా ఆమెకు చెప్పాను, ఇప్పుడు మీకూ చెప్పాను. కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.