సున్నం సారు గోడలు

యూనివర్సిటీ ఇంజనీరుకి ఒకటే పిచ్చి. ఏ భవనమైనా కట్టకముందే అందులో తిరగాలి. ఖాళీ స్థలంలో గోడలూ, గుమ్మాలూ అసలు కొలతలకే సున్నంతో గీస్తాడు. ఇక ఆ గీత ఎవరు తొక్కినా ఊరుకోడు. అందుకే అందరూ ఆయన్ని సున్నం సారు అంటారు. ఆ సున్నంతో ఎక్కువ అవస్థ పడ్డవాడు రిజిస్ట్రారు.

ఒకసారి ఆయన అర్జెంటు ఫైలు పట్టుకుని అడ్డంగా నడిచొచ్చాడు.

“ఆగండి సార్! గోడలోంచి వస్తున్నారు!”

“గోడేదయ్యా?”

“మీరు తొక్కుతున్నదే. గుమ్మం అటుపక్క.”

ఎండలో చుట్టూ తిరిగొచ్చి ఫైలు చాపితే, “ఇది బాత్రూం సార్. సంతకం ఇక్కడేం బాగుంటుంది? ఆఫీసు గదిలోకి పదండి” అన్నాడు.

ఇంకో ఉదయం ఊడ్చే ఆయమ్మ అలవాటుకొద్దీ ఒక గోడ మొత్తం ఊడ్చేసింది. సారు లబోదిబోమన్నాడు. “ఎంత పని చేశావమ్మా! ఇప్పుడు పైకప్పు దేనిమీద నిలబడుతుంది?” ఆయమ్మ హడలిపోయి తలెత్తి ఆకాశంలోకి చూసింది.

ఈసారి కట్టాల్సింది లైబ్రరీ. పాతదాంట్లో వానొస్తే పుస్తకాల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పాల్సిందే. ఇక్కడే చదువుకున్న ఒక మిల్లు యజమాని డబ్బిస్తానన్నాడు, స్థలం చూశాకే సంతకం అన్నాడు. ఆయనకి కోపమొస్తే ఇంకో పదేళ్లు పట్టాలే గతి.

“ఇవాళొక్కరోజు నోరు కట్టేసుకోవయ్యా, నీకు దణ్ణం పెడతా” అని బతిమాలాడు రిజిస్ట్రారు.

యజమాని కారు దిగి వరసగా మూడు గోడల్లోంచి నడిచొచ్చాడు. సున్నం సారు మొహం కందగడ్డయింది కానీ నోరు మెదపలేదు. రిజిస్ట్రారు ఊపిరి పీల్చుకున్నాడు.

యజమాని ప్లాను విప్పాడు. “ఈ వెనక గదేంటి?”

“ఊడ్చేవాళ్లు అన్నం తినే గదండి. ఇప్పుడు మెట్ల కింద తింటున్నారు” అన్నాడు సున్నం సారు.

“కొట్టేయండి. నా పేరు పెట్టే హాలు పెద్దదవుతుంది.”

“అలాగేనండి!” అన్నాడు రిజిస్ట్రారు, ఊపిరైనా తీసుకోకుండా.

సున్నం సారు వెళ్లి చీపురు తెచ్చి యజమాని చేతిలో పెట్టాడు. “మీరే ఊడ్చేయండి. కాకపోతే లోపల మనుషులున్నారు.”

నిజమే. వెనక గీతల మధ్య ముగ్గురు ఆయమ్మలు కూర్చుని క్యారేజీలు విప్పుకుంటున్నారు. సారే పిలిచాడు. కొత్త భవనం గీసిన ప్రతిసారీ పిలుస్తాడట.

“కాగితం మీద వేలెడు గదిని ఎవరైనా కొట్టేస్తారు సార్” అన్నాడాయన రిజిస్ట్రారుతో మెల్లగా. “మనుషులు కూర్చున్న గదిని కొట్టేయాలంటే చెయ్యి రావద్దూ?”

ఇరవయ్యేళ్లలో కట్టిన ప్రతి భవనం వెనకా అలాంటి గది ఒకటుందని రిజిస్ట్రారుకి అప్పుడు తట్టింది. ఇంతకాలం ఈ మనిషిని విసుక్కున్నందుకు సిగ్గేసింది.

యజమాని చీపురు పట్టుకుని వెనక గీత దాకా వెళ్లాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరికెళ్లి, గాల్లో రెండుసార్లు తట్టాడు.

“రావచ్చా అమ్మా?”

“తోసుకుని రండి బాబూ, గడియ పెట్టలేదు” అంది ఒక ఆయమ్మ.

ఆయన లోపల కూర్చుని మెట్ల కింద సంగతంతా అడిగాడు. ఏ గదీ కొట్టేయకుండా అక్కడే సంతకం పెట్టాడు. అది చూసి రిజిస్ట్రారు పట్టలేని సంతోషంతో చేతులు చాపుకుని అడ్డంగా పరుగెత్తాడు.

“ఆగండాగండి!” అని అరిచాడు మిల్లు యజమాని. “గోడ!”