అర్థమైంది టీచర్

కాజీపేటలో నేను సైన్సు చెప్పిన ప్రైవేటు బడి కరోనా తరువాత పిల్లలు తగ్గి మూతపడింది. కొన్నాళ్లు ఇంట్లో ట్యూషన్లు చెప్పి, చివరికి హన్మకొండలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆసుపత్రుల్లో కొత్తగా చేరే వార్డు సహాయకుల కోసం, ఫోన్‌లో చూసి నేర్చుకునే పాఠాలు తయారుచేస్తారక్కడ. పాఠం రాయడం, గొంతు ఇవ్వడం నా పని. మిగతావాళ్లంతా నా కొడుకు ఈడువాళ్లు. మా టీమ్ లీడర్ కూడా అంతే.

అక్కడ పనంతా ఎజైల్ పద్ధతిలో జరుగుతుంది. ఆ మాట నేను మొదట విన్నది అక్కడే. కోర్సు మొత్తం నెలల తరబడి తయారుచేసి చివర్లో చూపించడం ఉండదు. చిన్న ముక్క తీసుకుని, రెండు వారాల్లో దానికొక రూపం తెచ్చి, నేర్చుకునేవాళ్ల ముందు పెట్టాలి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే అక్కడ సరిచేసి మళ్లీ చూపించాలి. రోజూ పొద్దున అందరం గోడ ముందు నిలబడి ఎవరి పని ఎందాకా వచ్చిందో చెప్పుకోవాలి. చేస్తున్న పనులకు ఒక వరుస, అయిపోయినవాటికి ఒక వరుస, గోడ నిండా రంగు చీటీలే. పూర్తికాని పాఠం చూపించడం, సగం ఉడికిన అన్నం చుట్టాలకు వడ్డిస్తున్నట్టు ఉండేది నాకు.

నా మొదటి పాఠం, మంచం పట్టిన రోగిని పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం. దాన్ని పరీక్షించడానికి ఒక ఆసుపత్రి శిక్షణ గదికి వెళ్లేముందు లీడర్ అన్నాడు.

"మేడమ్, పాఠం చూసినంక వాళ్లతోని చేయించి చూద్దాం. నేను పేషంట్ లెక్క పండుకుంట."

"గదంత ఎందుకు? సమజైందా అని అడిగితే వాళ్లే చెప్తరు గదా" అన్నాను. నా వయసు చూసి కాబోలు, అతను ఊరుకున్నాడు.

గదిలో ఏడెనిమిది మంది ఆడవాళ్లున్నారు. నన్ను చూడగానే ఒక అమ్మాయి లేచి నిలబడింది. "టీచర్! మీరా?" మా బడిలో పదో తరగతి దాకా చదివిన పిల్ల. "మా సైన్స్ టీచర్" అని పక్కవాళ్లకు గొప్పగా చెప్పింది. అందరూ సర్దుకుని బుద్ధిగా కూర్చున్నారు. ఫోన్లలో నా గొంతు మొదలైంది. చర్మానికి ఎన్ని పొరలు, రక్తం ఎలా ప్రవహిస్తుంది, ఒత్తిడి పడితే ఏమవుతుంది, అన్నీ వరసగా చెప్పాను. పాఠం అయ్యాక అడిగాను.

"అర్థమైందా?"

"అర్థమైంది టీచర్" అంది ఆ అమ్మాయి అందరికంటే ముందు. మిగతావాళ్లూ తలలూపారు.

ఆఫీసుకొచ్చి నా చీటీని అయిపోయినవాటి వరుసలోకి మార్చారు. చప్పట్లు కొట్టారు, సమోసాలు తెప్పించారు. నేను మాత్రం నా సమోసా పక్కన పెట్టేశాను. ఆ పిల్ల తలూపడం నేను ఏళ్ల తరబడి చూసిందే. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, నా కళ్లలోకి కాకుండా గడ్డం వైపు చూస్తూ ఊపుతుంది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఆ తలూపుడుకు అర్థం తెలిసేది.

మర్నాడు పొద్దున గోడ ముందు నిలబడి, నా చీటీని నేనే పీకి వెనక్కి అంటించాను. "వాళ్లకు సమజ్ కాలేదు. నా మీద గౌరవంతోని అన్నరు" అన్నాను. నా కొడుకు ఈడువాళ్ల మధ్య ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"దీంట్ల సిగ్గేముంది మేడమ్, ఎజైల్ అంటెనే గిది" అన్నాడు లీడర్. అతనికి అది పద్ధతి. నాకు అంత తేలిగ్గా లేదు.

ఆ సాయంత్రం ఆసుపత్రి క్యాంటీన్‌లో ఆ అమ్మాయిని కలిశాను. చాయ్ తెప్పించి మెల్లగా అడిగాను.

"నిజం చెప్పు బిడ్డా. నిన్న సమజైందా?"

"అయింది టీచర్."

"మరి తిప్పేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టాలె?"

చాయ్ గ్లాసు పక్కకు జరిపింది. తరువాత చిన్నగా అంది. "మీ ముంగట కాలేదని ఎట్లంట టీచర్? బళ్లె గూడ గట్లనే అంటుంటిమి."

"నువ్వేనా, అందరా?"

"అందరం. మీరు మంచోళ్లు టీచర్, కొట్టకపోతుండ్రి, తిట్టకపోతుండ్రి. గని సమజ్ కాలేదంటే మల్ల మొదటికెల్లి మొత్తం చెప్తుండ్రి. అన్నం బెల్లు కొట్టే టైముండె. ఆకలయ్యేది."

నవ్వుతూ అంది. నన్ను నొప్పించాలని కాదు. ఓపికగా మళ్లీ మొదటి నుంచి చెప్పడం నా గొప్పతనమని ఇన్నాళ్లూ అనుకున్నాను. చాయ్ డబ్బులిచ్చి, బస్సు వచ్చేస్తుందని వంక చెప్పి బయటపడ్డాను.

తరువాతి పరీక్షకు నేను గదిలో ఉండనని చెప్పాను. లీడర్ బల్ల మీద రోగిలా పడుకున్నాడు. నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపల నా గొంతు చాలాసేపు మోగింది.

"ఈ మేడమ్ చెప్పుడు అయ్యేసరికి పేషంట్ సచ్చిపోతడు" అంది ఎవరో. గదంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వులో నా పాత విద్యార్థిని గొంతు కూడా ఉంది.

లేచి వెళ్లిపోదామనుకున్నాను. అయినా అక్కడే కూర్చున్నాను. కాసేపటికి ధబ్‌మని చప్పుడైంది. రోగిని బల్ల మీది నుంచి కింద పడేశారు. మోచేయి రుద్దుకుంటూ బయటికొచ్చిన లీడర్, నేను అంతా విన్నానని గ్రహించి తల దించుకున్నాడు.

"ఆ మాట చీటీ మీద రాయాలె గదా" అన్నాను.

"వద్దులే మేడమ్."

నేనే రాశాను. 'చెప్పడం ఎక్కువ. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.' అది చాలా రోజులు గోడ మీదే ఉంది. ప్రతి ఉదయం దాని ముందు నిలబడి, నిన్న ఏం తీసేశానో చెప్పేదాన్ని. చర్మం పొరలు పోయాయి. రక్త ప్రసరణ పోయింది. ఒక్కోటి తీసేస్తుంటే నేను చదువుకున్నదంతా చెత్తబుట్టలో వేస్తున్నట్టు ఉండేది. ఆఖరికి నా గొంతు కూడా పోయింది. అవతలి మోకాలు మడవడం, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేయడం, తన వైపు తిప్పుకోవడం, ఈ బొమ్మలే మిగిలాయి.

చివరి పరీక్ష రోజు నన్ను లోపలికి రమ్మన్నారు. బొమ్మలు చూసి ఆ అమ్మాయి లీడర్‌ను ఒడుపుగా పక్కకు తిప్పింది. తరువాత నా కళ్లలోకి చూస్తూ ఫోన్ చూపించింది.

"టీచర్, ఇగో ఈడ సమజైతలేదు. మెత్త ఎటు దిక్కు పెట్టాలె?"

"చూడమ్మా, అసలు వీపుకు ఆసరా ఎందుకంటే..." అని మొదలుపెట్టాను. ఆమె వేళ్లు చున్నీ కొస వైపు వెళ్లడం చూసి నోరు మూసుకున్నాను. దిండు తీసి రోగి వీపు వెనక పెట్టి చూపించాను. "గంతేనా" అంది.

ఆ బొమ్మ కూడా గీయించాక పాఠాన్ని ఆసుపత్రిలో అందరికీ ఇచ్చారు. బాగా పనికొస్తోందని కబురొచ్చింది.

మొన్న ఆదివారం చర్చి బయట ఒకతను పెళ్లాం పిల్లలతో వచ్చి నమస్కారం పెట్టాడు. నా దగ్గర చదివినవాడే. "మా టీచర్. ఎంత మంచిగ చెప్తుండ్రి!" అని భార్యకు పరిచయం చేశాడు. ఎండ కళ్లలో పడుతోందన్నట్టు కొంగు నుదుటికి అడ్డం పెట్టుకున్నాను.