మూడు గుడిసెల పేరు

బొంత బరువు మోసినవాళ్ళకే తెలుస్తుంది. పొడి బొంతది ఒక బరువు, తడిసిన బొంతది ఇంకో బరువు. ఐదేళ్ళుగా నా భుజం మీద ఉన్నది తడి బొంత. దించుదామంటే చేతులు రాలేదు. ఈరోజు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు రాయను. అది ఇప్పటికే ఉండకూడని చోట ఉంది.

మాది లక్సెట్టిపేట దగ్గర ఊరు. పక్కింటి రాజవ్వ నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. పిల్లలు నిలవని ఇంట్లో వేములవాడ రాజన్నకు మొక్కితే పుట్టిందట, అందుకని ఆ దేవుడి పేరే పెట్టారు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి ఆమె బొంత కుడితే కుట్లు చీమల బారులా సాగిపోతాయి. పసిపిల్లల బొంతలైతే మరీ మెత్తన. మా బిడ్డ అవి చూసి, ఫోన్‌లో సరుకులమ్మే ఒక కంపెనీలో పేజీ తెరిచి అమ్మకానికి పెట్టింది. బ్రాండు పేరేం పెడదామంటే రాజవ్వ అని నేనే చెప్పాను. ఆ రోజు మనసారా చెప్పాను. అదీ నిజమే, నమ్మండి.

ఆమె బడి మొహం చూడలేదు. నేను ఆరో తరగతి దాకా చదివాను. ఆమె పేరును ఇంగ్లీషులో కాగితం మీద పెద్దగా రాసిస్తే, అక్షరాలను బొమ్మల్లా చూసుకుంటూ ప్రతి బొంత మూలన ఎర్రదారంతో కుట్టేది. A ఆమెకు గుడిసె. V ఎగిరే కొంగ. "నా పేర్ల మూడు గుడిసెలు, రెండు కొంగలు" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించుకునేది.

ఫోటోలు నేను తీసేదాన్ని. మడతపెట్టి, కవర్లో పెట్టి, కొరియర్ దాకా మోసేదాన్ని. కొన్నవాళ్ళు మాత్రం "రాజవ్వ గారి చేతులకు దండం" అని రాసేవాళ్ళు. అవి ఆమెకు చదివి వినిపించేదీ నేనే. కొంగుతో మూతి దాచుకుని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల ఒక ముల్లు కదిలేది. మరి నా పేరు ఎక్కడుంది? గ్యాసు బుక్కు మీద మా ఆయన పేరు. ఊళ్ళోవాళ్ళు పిలిచేది మా బిడ్డ పేరు చెప్పి, దాని అవ్వ, అంటే దాని తల్లి అని. ఒక్కసారి నా పేరు పదిమంది చూసేచోట ఉండాలని కోరుకోవడం తప్పా? కోరుకోవడం తప్పు కాదు. ఎవరి పేరు తీసి పెట్టుకున్నానన్నదే తప్పు.

నా పేరుతో కొత్త పేజీ తెరవచ్చు. కానీ దానికి స్టార్లుండవు, ఒక్క మంచి మాట ఉండదు. ఉన్న పేజీ మీదే పేరు మారిస్తే అవన్నీ అలాగే ఉంటాయి. మా బిడ్డకు చెప్పకుండా ఆ కంపెనీకి నేనే ఫోన్ చేశాను. మార్చుకోవచ్చు, కానీ సరుకు మీద కొత్త పేరు కనబడేలా ఫోటో పంపాలన్నారు.

నాకు కుట్టు రాదు. నా పేరు కాగితం మీద రాసి తీసుకెళ్ళి ఆమెకే ఇచ్చాను.

గడపలో కూర్చుని చాలాసేపు చూసింది.

"ఏందే, నా గుడిసెలేడ వోయినయ్? ఒక్కటే ఉన్నది."

"కంపెనోళ్ళు పేరు పొట్టిగ జేసిండ్రక్కా."

"పేర్నే జేసిండ్రా, నన్ను సుత పొట్టిగ జేస్తరా?" అని నవ్వింది. "కొంగలు సుత ఎగిరిపోయినయ్ గదనే."

"ఇప్పుడు గట్లనే రాస్తరట."

"సరే తీ. నువ్వు జెప్తివంటే గదే నా పేరు."

సూదిలో దారం ఎక్కించుకుంది. నా పేరును ఆమె పేరని చెప్పి ఆమె చేతనే కుట్టించాను. ఒక్కో అక్షరం పూర్తవుతుంటే పక్కనే కూర్చుని చూశాను. ఆపుదామని అనిపించలేదా? అనిపించింది. ఆపలేదు. తర్వాత మా బిడ్డ అడిగితే అక్కే మార్చమన్నదని దానికీ అబద్ధం చెప్పాను.

పైసల దగ్గర ఏనాడూ మోసం చేయలేదు. ఇన్నాళ్ళూ ఆ మాట చాటున దాక్కున్నాను.

పేజీ పైన పేరు మారింది. కింద పాత మాటలు మాత్రం రాజవ్వ గారు, రాజవ్వ గారు అంటూ అలాగే ఉన్నాయి. ఈ రాజవ్వ ఎవరండీ అని ఒకామె అడిగింది. "మా దగ్గర కుట్టే మనిషి" అని రాశాను. పేరు మార్చినదానికన్నా ఆ జవాబే నన్ను ఎక్కువ కాలుస్తుంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మొన్న మా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. రాజవ్వ ఒక బొంత తెచ్చింది. తాను దాచుకున్న పెళ్ళినాటి పసుపు చీరను పైపొరగా వేసింది. మూలన చూశాను. మూడు గుడిసెలు, రెండు కొంగలు. చూపు మందగించింది కదా, కుట్లు కాస్త వంకరపోయాయి.

"గిది అమ్మేటిది కాదు గదనే. కంపెనోళ్ళతోని పనేంది? గందుకే నా పెద్ద పేరే కుట్టిన" అంది.

ఆమె ముఖంలోకి చూడలేక పాపను చూశాను. తెలిసే అన్నదా, తెలియక అన్నదా? తెలిసి ఉంటే ఇన్నేళ్ళు నా పేరు కుడుతూ నాతో ఎట్లా నవ్వగలిగింది? తెలియకపోతే, నేను చెప్పిన రోజు ఆ నవ్వు ఏమవుతుంది? ఈ రెండింట్లో ఏది నిజం కావాలని కోరుకోవాలో కూడా నాకు తెలియడం లేదు.

పేరు తిరిగి మార్చాలంటే ఆ పేరు కుట్టిన బొంత ఫోటో కావాలి. బొంత ఇంట్లోనే ఉంది, పాప దాని మీదే నిద్రపోతోంది. ఫోటో ఇంకా తీయలేదు. ముందు ఆమె గడప ఎక్కి చెప్పాలి. అదీ ఇంకా చేయలేదు. నోటికి మాట అలవాటు కావాలని ముందు ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే చేతులు కాస్త తేలికపడ్డాయి. అంతకు మించి ఏమీ మారలేదు.

మీ ఇంట్లో ఏ పసిబిడ్డ కిందైనా మూలన ఎర్రదారంతో పేరు కుట్టిన బొంత ఉంటే, తిప్పి చూడండి. అందులో ఒక్క గుడిసే ఉంటే అది రాజవ్వ కుట్టిందే. మిగతా రెండూ తీసేసింది నేను.