మేకుకు తగిలించిన ఖాకీ చొక్కా

నా చిన్నప్పుడు, అయిదో తరగతిలో, నేనొక చీటీ రాశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, పక్కింటి అక్కకు కూడా. చీటీ ఆవిడ గురించే.

అక్క వీధరుగు మీద బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేసేది. వాళ్ళాయన తాగి వచ్చిన రోజున కొట్టేవాడు. రెండిళ్ళకూ మధ్యగోడ ఒక్కటే. మా అమ్మ టీవీ శబ్దం పెంచేది. నేను కంచం ముందు నుంచి లేచిపోయేదాన్ని.

కాలవ లాకుల దగ్గర ఒంటిగదిలో పోలీసు అవుట్‌పోస్టు ఉండేది. అక్కడి హెడ్డు కానిస్టేబులుగారి ఎదుట నోరు విప్పే ధైర్యం నాకెక్కడిది? లెక్కల పుస్తకంలో కాగితం చింపి రెండు ముక్కలు రాసి, ఆయన పెరట్లో ఉండగా బల్ల మీద పెట్టి పరుగెత్తాను.

మర్నాడు ఆయన యూనిఫారం జత చంకలో పెట్టుకుని అక్క అరుగు దగ్గరికి వచ్చారు. ఏం గొడవవుతుందోనని తలుపు చాటుకు వెళ్ళి చూశాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. వాళ్ళాయన వింటూండగా, "నా పొట్ట మీద మడత నిలవదమ్మా, కాస్త గట్టిగా రుద్దు. తొందరేం లేదు, ఆ గోడ మేకుకు తగిలించు. ఎప్పుడో అప్పుడు వచ్చి పట్టుకెళ్తాను" అన్నారు.

ఆ ఎప్పుడో అప్పుడు ఏ పూటో ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి పొద్దున్నే వచ్చేవారు, ఒకసారి దీపాలు పెట్టే వేళ. ఒక జత తీసుకుని ఇంకో జత ఇచ్చేవారు. మేకు ఒక్కరోజూ ఖాళీగా లేదు. గోడ అవతల చప్పుళ్ళు ఆగిపోయాయి.

నేను ఏడో తరగతికి వచ్చాక అవుట్‌పోస్టు ఎత్తేస్తున్నారన్నారు. చిన్నవన్నీ టౌను స్టేషనులో కలిపేస్తే పని చురుగ్గా సాగుతుందట, ఫోను చేస్తే చాలు జీపు వస్తుందట. పెద్దలు మంచిదే అన్నారు. అక్క ఫోను వాళ్ళాయన జేబులో ఉంటుందని నాకు తెలుసు. ఆ వారమంతా ఒకచోట కూర్చోలేకపోయాను. అవుట్‌పోస్టు బీరువా ఇంకా ఉందా, తీసుకెళ్ళిపోయారా అని రోజుకు రెండుసార్లు లాకుల దాకా వెళ్ళి చూసొచ్చేదాన్ని.

హెడ్డుగారు వెళ్ళాక మళ్ళీ రాలేదు. ఆఖరి చొక్కా మేకుకే ఉండిపోయింది. అక్క ప్రతి ఆదివారం దాన్ని దించి, దుమ్ము దులిపి, కొత్తగా ఇస్త్రీ చేసి తగిలించేది. తర్వాత రెండు మూడుసార్లు వాళ్ళాయన గొంతు లేచింది. అరుగు మీది చొక్కా వైపు చూపు పోయి కాబోలు, అంతటితో ఆగింది.

ఇప్పుడు రాజమండ్రిలో అద్దెకుంటున్నాను. పై వాటాలో గొంతులు పెరిగితే డైరీ మూసేసి, గిన్నె పట్టుకుని, తోడుకి కాస్త మజ్జిగ అడగడానికి మెట్లెక్కుతాను. తలుపు తీసినావిడ మజ్జిగ పోసేదాకా కదలను.

అప్పట్లో అవుట్‌పోస్టు సామాను ట్రాక్టరుకెక్కిస్తున్న రోజు, అక్క దగ్గర మీ చొక్కా ఉండిపోయిందండీ అని హెడ్డుగారికి చెప్పాను. ఆయనతో నేను మాట్లాడింది ఆ ఒక్కసారే. ఆయన నవ్వారు.

"ఆ రోజు పారిపోతుంటే నీ జడ రిబ్బను చూశాన్లే. వాళ్ళాయన ఇంట్లో ఉండగా వెళ్ళి, చొక్కా కోసం వస్తానన్నారని చెప్పు. ఎప్పుడన్నది మాత్రం చెప్పకమ్మా."