మూడింట్లోనూ ఉన్న పడవ

బతు బస్తీలో ఉండే మా కావేరి కీబోర్డు మీద ఒక్క వేలు నొక్కి, సముద్రం మింగేసిన తండ్రిని పడవతో సహా బయటికి కక్కించింది. నమ్మనివాళ్లు మా టీకొట్టు దగ్గరికొచ్చి అడగండి. పడవతోపాటు రెండు సొరచేపలు కూడా బయటపడ్డాయని చెబుతారు. సొరచేపల మాట కొంచెం అటూ ఇటూ అయినా, మిగతాది ఇలా జరిగింది.

పోర్ట్ బ్లెయిర్‌లో చేపల పడవల లెక్కలు చూసే ఒక ఆఫీసులో కావేరి కాంట్రాక్టు ఉద్యోగి. గణాంకాల ప్రోగ్రాములు రాయడం ఆమె పని. తండ్రి అసిరయ్య వేటకు వెళ్లాడు. గాలివాన వచ్చింది, ఆయన రాలేదు. మర్నాడు ఆమె ఎప్పటిలాగే జడ వేసుకుని, టిఫిన్ డబ్బా సర్దుకుని ఆఫీసుకు వెళ్లింది. ఏడుపు ఉండాల్సిన చోట తడిసిన దూదిలాంటిదేదో ఉంది.

వెతకడానికి ఉన్నది ఒకటే షిప్పు. ఏయే పడవల కోసం వెళ్లాలో తేల్చమని ఆఫీసరు గణపతి ఆమెకే చెప్పాడు. ఆమె ముందు పడవల పేర్ల వరసలు మూడున్నాయి: వేటకు వెళ్లిన పడవలు, వైర్‌లెస్‌లో పలకని పడవలు, వెళ్లేటప్పుడు తీసుకున్న టోకెన్ జెట్టీకి తిరిగి రాని పడవలు. మూడింట్లోనూ ఉన్న పేర్లే కావాలి. పక్కపక్కన పెట్టి పోలిస్తే కుదరదు. ఒకదాంట్లో మొదట ఉన్నది ఇంకోదాంట్లో చివర ఉంటుంది. అందుకని ముందు రెండింట్లో కలిసినవి తీసింది. తండ్రి పడవ ‘గంగమ్మ తల్లి’ వచ్చింది. వాటిని మూడోదానితో కలిపింది. గంగమ్మ తల్లి రాలిపోయింది.

“అరే దీదీ, మీ నాన్న టోకెన్ వచ్చేసింది! మిఠాయి ఖిలావో!” అన్నాడు పక్క సీటు లోహిత్.

“టోకెనొచ్చింది. మనిషి రాలేదు.”

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ల జెట్టీలో వరసలో నిలబడే ఓపిక ఎవరికీ లేదు. వెళ్లేటప్పుడు ఒక్కడే తనవాళ్లందరి టోకెన్లూ తీసుకుని మొలకు కట్టుకుంటాడు; రాగానే ఒక్కడే అన్నీ ఇచ్చేస్తాడు. ఈసారి వంతు మేనమామ తాతబ్బాయిది. ఫోన్ చేసింది.

“మామయ్యా, నాన్న టోకెన్ నువ్విచ్చావా?”

“ఆఁ, మనోళ్లవన్నీ ఒక్కసారే ఇచ్చీసినాను. ఎప్పుడూ అంతే గదేటి? మీ అయ్య నా యెనకే వస్తన్నాడనీ...” మాట ఆగిపోయింది. “ఓలమ్మో! ఆఫీసులో చెప్పకే తల్లీ, నా లైసెన్సు పీకీస్తారు.”

“చెప్తాను మామయ్యా.”

ఆమె వెళ్లి జరిగింది చెప్పినా గణపతి తల ఎత్తలేదు. “ఇంటింటి నుంచీ ఫోన్లే, మా నాన్న, మా అన్న అని. షిప్పు ఏక్ హీ హై, కావేరీ.”

“నాన్న పేరొక్కటే కాదు సార్. మా మామయ్య ఇచ్చిన టోకెన్లన్నీ రాలేదనే అనుకుందాం. వైర్‌లెస్‌లో పలికినవి వాటంతటవే రాలిపోతాయి.”

గణపతి తల ఎత్తాడు. “ప్రోగ్రాము మళ్లీ చలాయించు.”

మూడో వరసలో ఆ పడవలన్నీ మళ్లీ చేర్చి కలిపింది. ఈసారి గంగమ్మ తల్లి తెర మీద నిలిచింది. తండ్రి పేరు ఇలాంటిచోట కనబడాలని కోరుకునే కూతురు లోకంలో ఉండదు. కావేరి మాత్రం బస్సు నంబరు చూసినట్టు చూసి, ప్రింటు తీసి ఇచ్చింది.

సాయంత్రానికి, ఇంజను చచ్చి అలల మీద కొట్టుకుపోతున్న పడవను షిప్పువాళ్లు తాడేసి లాక్కొచ్చారు. అసిరయ్య ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు. పెట్టింది. ఆయన తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని గోడ చూసింది.

తాతబ్బాయి లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు. పని లేని మనిషి కదా, ఇప్పుడాయన మకాం టీకొట్టులోనే. కథలో సొరచేపలు ఆయన పెంచినవే. మొన్న మూడోది పుట్టించబోతుంటే కావేరి ఆఫీసు నుంచి అటే వచ్చింది.

“ఇదుగో, అడగండి! ఒక్క వేలితో లాగీసింది నా మేనకోడలు!”

కావేరి ఆగింది.

“నేనెవర్నీ లాగలేదు మామయ్యా. మూడింట్లో ఉన్న పేర్లు తీశానంతే. మొదటిసారి తప్పొచ్చింది.”